చేతులవాళ్లకి దేవుడు లేడు

పెద్దాయన భోంచేసి కాస్త నడుం వాల్చారు, లేవగానే పిలుస్తారు, అప్పటిదాకా ఆ బల్ల మీద కూర్చోమ్మా అని చెప్పి, నేల తుడిచే మనిషి బకెట్టు పట్టుకుని మందిరం వెనక్కి వెళ్లిపోయింది. ఆమె బల్ల చివర కూర్చుంది. మధ్యలో కూర్చుంటే బల్లంతా తనదే అనుకున్నట్టుంటుందని. తడి నేల మీద కిటికీ వెలుగు మెరుస్తోంది. కాలు పెడితే మచ్చ పడుతుందని పాదాలు బల్ల కిందికి లాక్కుంది. ఒక్క మాట. అడిగేది ఒక్క మాట, చెప్పాల్సింది ఒక్క మాట. పొద్దుటి నుంచి పిచ్చుకది అదే పాట. "వదినా, అన్నాడు అని చెప్పు, చాలు. నీ నోట్లో ముత్యాలేం రాలిపోవు." పిచ్చుక అంటే ఏడాది కింద పోయిన ఆమె భర్త చెల్లెలు. యాభై దాటి, మోకాళ్లు పట్టేసి, మెట్టు మెట్టుకీ అమ్మా అనుకుంటూ ఎక్కే మనిషి ఇంకా పిచ్చుకే. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదని ఆయనే పెట్టాడు ఆ పేరు. ఇప్పుడు గేటు బయట ఎండలో గొడుగేసుకుని నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే, నేనొస్తే నా నోరు ఊరుకోదు, నేను ఏడిస్తే పని చెడుతుంది, నువ్వే వెళ్లి రా అంది.

పని అంటే ఆయన్ని గోడ లోపలికి తీసుకురావడం. మందిరం వాళ్ల సమాధుల తోటలో ప్రహరీ లోపల పడుకున్నవాళ్లంతా నమ్మినవాళ్లు. ఆయన అమ్మా నాన్నా అక్కడే, పక్కపక్కన. నమ్మనివాళ్లకి గోడ అవతల ఒక వార, సన్నటి నేలముక్క, ఉంది, ఆయన్ని అక్కడ పెట్టారు. ఏడాదిగా ప్రతి వారం ప్రార్థన అయ్యాక ఆమె తోటంతా చుట్టి, వెనక గేటు దాటి ఆయన దగ్గరికి వెళ్లి కూర్చునేది. గోడేగా మధ్యలో, మన వంటింటి గోడంత కూడా లేదు అనుకునేది. ఇప్పుడా వార మీదుగా రోడ్డు వేస్తున్నారు. రేపు తవ్వుతారు. అక్కడున్న వాళ్లని తీసి, ఏటి అవతల, బస్సు ఆఖరి స్టాపు కూడా దాటాక కొత్తగా చదును చేసిన నేలకి మారుస్తారు. పిచ్చుక వెళ్లి చూసొచ్చింది. చెట్టు లేదు, నీడ లేదు, వరసగా సిమెంటు పలకలు, వాటి మీద అంకెలు. మా అన్నకి ఒక అంకె వేస్తారే వదినా అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. కానీ మందిరంలో పాత కట్టుబాటు ఒకటుంది. బతికినన్నాళ్లు గడప తొక్కనివాడైనా సరే, ఆఖరి ఘడియలో తనంతట తాను దేవుడి నామం పలికితే లోపలివాడే. విన్నవాళ్లు ఒకరు చెబితే చాలు. ఆ ఘడియలో ఆ గదిలో ఉన్నది ఆమె ఒక్కతే.

పలికాడా అంటే పలికాడు. అందులో అబద్ధం లేదు. చెవులారా వింది. మరి గొంతుకి అడ్డం పడుతున్నదేమిటి?

ఫ్యాను తిరుగుతోంది, తిరిగినప్పుడల్లా ఒక చోట టిక్కుమంటోంది. ఆయనుంటే స్టూలేసుకుని ఎక్కేసేవాడు. మందిరంలో ఫ్యానుకి మాత్రం ఎక్కేవాడా? ఎక్కేవాడు. ఫ్యానుకి మతమేమిటే అనేవాడు. కుట్టుమిషన్లు బాగుచేసేవాడాయన. సంచిలో నూనె డబ్బా, చిన్న బ్రష్షు, సూదులు, బెల్టు ముక్కలు. ఆమె కాజాలు కుట్టే చోటికి మొదటిసారి వచ్చినప్పుడు యజమాని భార్య ఆగిపోయిన మిషన్ ముందు కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఆయన కాసేపు ఓపిక పట్టి, అమ్మా, మీ ప్రార్థన అయితే నేను నూనె వేసుకుంటాను, దండం పెట్టినా తిరగొచ్చు గానీ నూనె వేస్తే తొందరగా తిరుగుతుంది అన్నాడు. కాజాలు కుట్టే ఆడవాళ్లంతా చేతిలో బట్టలు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆమె నవ్వాపుకోలేక సూది గుచ్చుకుంది. ఆ మనిషినే చేసుకుంది. చేసుకున్నాక తెలిసింది, అది వేళాకోళం కాదు, ఆయనకి నిజంగానే పైన ఎవరూ లేరు. ఆమెకి ఉన్నారు. పుట్టినప్పటి నుంచి ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. వారం వారం గొడుగు పట్టి గేటు దాకా దింపేవాడు, అయ్యేదాకా గేటు పక్కనే నిలబడేవాడు. లోపలికి వస్తే ఏమవుతుంది అంది ఒకసారి. ఏమీ కాదు, అందుకే రాను అన్నాడు.

కింది వాటాలో లారీ నడిపే అతను ఉండేవాడు. తాగి వచ్చినప్పుడల్లా మెట్ల దగ్గర నిలబడి, దేవుడు లేడనేవాడి ఇంటి కింద ఉంటున్నాం, మన మీద కూడా పిడుగు పడుతుంది అని అరిచేవాడు. అతనికి జబ్బు చేసి ఒళ్లంతా పుళ్లు పడ్డాయి. పెళ్లాం పుట్టింటికి పోయింది. మందిరం నుంచి నలుగురు వచ్చి, ముక్కుకి రుమాళ్లు కట్టుకుని, గుమ్మం ఇవతల నుంచే ప్రార్థన చేసి వెళ్లారు. ఆ నలుగురిలో ఆమె కూడా ఉంది. ఆయన మాత్రం పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు పట్టుకెళ్లి అతని వీపు తుడిచి వచ్చేవాడు. ఎందుకు చేస్తున్నావు, నీకు ఫలం ఇచ్చేవాడు కూడా లేడుగా అంది, కాస్త రోషంగానే. ఆయన వంటింట్లోకి చూసి, నువ్వా గిన్నె ఎందుకు తోముతున్నావు, పైనుంచి ఒకాయన చూస్తున్నాడనా, రేపు అందులో తినాలనా? అన్నాడు. అతని వీపు గిన్నెనా అంది. వీపే. తుడిస్తే వాడికి హాయిగా ఉంటుంది, అంతే అన్నాడు. ఆ అంతే అనే మాట పట్టుకుని రాత్రి ప్రార్థనలో దేవుణ్ణే అడిగేది. ఆయన నీ వాడో కాదో నువ్వే తేల్చుకో స్వామీ, నాకు చేతకావడం లేదు.

సాయంత్రాలు పుస్తకాలు. పాత కాగితాల కొట్లో తూకానికి కొనుక్కొచ్చేవాడు, అన్నీ వేరే లోకాల కథలే. అట్టలూడి, మొదటి పేజీలు పోయి, ఎవరు రాశారో ఏమిటో కూడా తెలియనివి. ఆమెకి చదువు రాదు. ఒళ్లో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతూ వినేది. ఒకదాంట్లో నీళ్ల అడుగున బతికే వాళ్లు, ఒకదాంట్లో కొండరాళ్లలా కదలకుండా ఆలోచించుకునే వాళ్లు, ఒకదాంట్లో మంచు కరిగినప్పుడు పుట్టి మంచు పడగానే పోయే వాళ్లు. ఇక్కడి నుంచి ఎవడో ఒకడు అక్కడ దిగుతాడు, దిగగానే నీళ్లున్నాయా అని చూస్తాడు, ఆ తర్వాత వీళ్లకి దేవుడున్నాడా అని అడుగుతాడు. ఆమెకి నవ్వొచ్చేది. అంత దూరం పోయి కూడా ఇదేనా తగువు, మనింట్లోనే ఉంటే సరిపోయేదిగా! ఒక కథలో వచ్చిన ఆరు చేతులవాళ్లు దండం పెట్టాలంటే ఎన్ని జోడించాలి అని అడిగితే ఆయన పుస్తకం మూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. కానీ అడిగాక ఆమెకి నిద్ర పట్టలేదు. ఒకసారి ధైర్యం చేసి పెద్దాయన్నే అడిగింది, వేరే లోకాల్లో ఎవరైనా ఉంటే వాళ్లని కూడా మన దేవుడే చేశాడా, వాళ్ల తప్పులు కూడా ఈయనే క్షమిస్తాడా అని. పెద్దాయన, ముందు పక్కింటివాళ్ల గురించి ప్రార్థన చెయ్యమ్మా అన్నారు. ఇంటికొచ్చి చెబితే, మీ పెద్దాయన గట్టివాడే అని ఆయన మెచ్చుకున్నాడు.

అన్నిట్లోకీ ఒక కథ ఆమెని పట్టుకుంది. చేతులవాళ్ల కథ. ఆ లోకంలో వాళ్లకి నోళ్లు లేవు. ఏం చెప్పాలన్నా ఎదుటివాడి వీపు మీద అరచెయ్యి ఆనిస్తారు, మనసులో ఉన్నది చర్మంలోంచి దిగుతుంది. ఉన్నదే దిగుతుంది, లేనిది దిగదు, అందుకని వాళ్లకి అబద్ధం అనేది తెలియదు. దేవుడూ తెలియదు. కానీ ఆకలితో ఎవరూ పడుకోరు, ముసలివాళ్లని ఎవరూ వదిలెయ్యరు. అక్కడ ఒక బోధకుడు దిగాడు. మంచివాడే. ఇంత మంచివాళ్లు, తండ్రి ఎవరో తెలియకుండా బతికేస్తున్నారే అని జాలిపడ్డాడు. ఏళ్ల తరబడి బోధించాడు. వాళ్లు శ్రద్ధగా విని, నువ్వాయన్ని తాకావా అని అడిగేవాళ్లు. లేదు, నాకు ముందువాళ్లు చెప్పారు. వాళ్లు తాకారా? లేదు, వాళ్లకి ముందువాళ్లు. చేతులవాళ్లు వెక్కిరించలేదు, అతని వీపు నిమిరి పనికి పోయారు. చివరికి అతనికి జబ్బు చేసింది. ఒక చేతులవాడు పక్కనే ఉండి చూసుకున్నాడు. ప్రాణం పోయే ముందు బోధకుడు అతన్ని బతిమాలాడు, నమ్ముతున్నానని ఒక్కసారి చెప్పు, ఒక్కడైనా నమ్మాడనే తృప్తితో పోతాను. అక్కడ ఆయన పుస్తకం మూసేసేవాడు. తర్వాత? రేపు. మర్నాడు అడిగితే, కళ్లు మండుతున్నాయి, రేపు. మళ్లీ కొన్నాళ్లకి మొదటి నుంచీ చదివేవాడు, మళ్లీ అక్కడే ఆపేవాడు. ఆమె ఉడుక్కునేది. నాకు చదువొస్తే నీ కాళ్లు పట్టుకునేదాన్ని కాదు అనేది. నేర్చుకో మరి అనేవాడు, ముఖం అటు తిప్పుకుని.

ఆయన పోయాకే నేర్చుకుంది. కుట్టుపని చోట పై గదిలో ఆడవాళ్లకి సాయంత్రం బడి పెట్టారు. వేళ్లు సూదికి అలవాటుపడ్డాయి గానీ పెన్సిల్‌కి వంగలేదు. పంతులమ్మ, ఏమిటమ్మా అక్షరాలని ఇలా బిగించి కుడుతున్నావు, కాస్త వదులుగా రాయి అనేది. మొదట బస్సుల మీద ఊళ్ల పేర్లు చదివింది, తర్వాత మందుసీసా మీద పేరు, తర్వాత మందిరం గోడ మీద రాసిన వాక్యం. చిన్నప్పటి నుంచి దాని కింద కూర్చుంటోంది, అది ఇంత చిన్న వాక్యమని అప్పుడు తెలిసింది. ఏ అక్షరం నేర్చుకున్నా లోపల ఒకటే తొందర, ఆ పేజీ దాకా వెళ్లాలి. వెళ్లింది, పోయిన వారం. పేజీల మూలల్లో ఆయన బొటనవేలి నూనె మరకలు. ఆయన ఆపే పేజీ మూల నల్లగా నిగనిగలాడుతోంది. ఇన్నిసార్లు పట్టుకుని ఇక్కడే ఆగిపోయాడా! దాని తర్వాతి పేజీల మీద కూడా మరకలున్నాయి. అంటే ఆయన చదివాడు, చివరిదాకా చదివాడు, ఆమెకే చదివి వినిపించలేదు.

వేలు పెట్టి, కూడబలుక్కుని, ఒక్కొక్క మాటే చదివింది. చేతులవాడు చెప్పలేదు. లేనిది అతని అరచేతిలోంచి దిగదు. బోధకుడి వీపు మీద చెయ్యి ఉంచి, నువ్వు చెప్పినాయన నాకు తెలియదు, నువ్వు తెలుసు అన్నాడు. బోధకుడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు, అలాగే పోయాడు. వీపు చల్లబడేదాకా చేతులవాడు చెయ్యి తియ్యలేదు. ఆ తర్వాత తనవాళ్లలోకి వెళ్లాడు. వాళ్లు అతని వీపు మీద చేతులు పెట్టినప్పుడు అక్కడ ఏదో కొత్తది తగిలింది, దానికి వాళ్ల దగ్గర పేరు లేదు. చెప్పి ఉండాల్సిందా అనే ప్రశ్న అది. ఆ లోకంలో అంతకుముందు అలాంటిది ఎవరి ఒంట్లోనూ పుట్టలేదు. కథ అంతే. ఆమె దీపం ఆర్పకుండా అలాగే కూర్చుండిపోయింది. ఎవరికి చెప్పాలి? పిచ్చుకకి చెబితే, నీకు చదువు నేర్పింది ఈ పిచ్చి కథలకా అంటుంది. పంతులమ్మకి చెబితే భేష్ అంటుంది. ఇల్లంతా వెతికినా ఆ కథ తెలిసినవాళ్లు ఇంకొకరు లేరు.

ఏడాది కిందట, ఆయన పోయిన రోజు మధ్యాహ్నం, ఊపిరి తీరు మారింది. ఆమెకి భయం వేసింది. చావంటే కాదు, తర్వాతదంటే. తను పోయేచోట ఆయన ఉండడు, ఎంత వెతికినా ఉండడు, ఇక ఎప్పటికీ ఉండడు. మంచం కోడు పట్టుకుని కూర్చుని ఏడ్చింది. ఒక్కసారి అను. నా కోసం అను. నిన్ను ఇంకేమీ అడగను. ఆయన కళ్లు తెరిచి చాలాసేపు చూశాడు. నూనె వేసే ముందు మిషన్ని చూసే చూపు అది, ఎక్కడ పట్టేసిందా అని. తర్వాత నామం పలికాడు. స్పష్టంగా, పుస్తకం చదివినట్టు, ఒక్క అక్షరం మింగకుండా. పలికి, ఆమె ముఖంలోకి చూసి, "సరేనా?" అన్నాడు. సరే అంది ఆమె. ఆయన ఆఖరి మాట అదే. నామం పలికాడని పిచ్చుకకి చెప్పింది. సరేనా అన్నాడని ఎవరికీ చెప్పలేదు.

ఆ ముక్కే ఇప్పుడు అడ్డం పడుతోంది. ఎందుకడ్డం? దేవుడికి చెప్పనక్కర్లేదు, ఆయనకి తెలుసు. తెలియనిది పెద్దాయనకే. ఆ ముక్క దాచేస్తే రేపటికి తన మనిషి వాళ్లమ్మ పక్కన ఉంటాడు, తను పోయాక తన చోటూ అక్కడే, పిచ్చుక అన్నం తింటుంది. ఎవరికి నష్టం? కథలో చేతులవాడు ఉన్నది చెప్పి ఒంటరివాడైపోయాడు. ఈయన లేనిది చెప్పి ఆమెని ఓదార్చాడు. ఇద్దరిలో ఎవరు మంచివాడు? కథ ముగింపు తెలిసి కూడా అన్నాడే, చెప్పి ఉండాల్సిందా అనే ఆ ప్రశ్న తన తర్వాత ఎవరి వీపు మీదా మిగలకూడదనా? ఇంట్లో ఏనాడూ అబద్ధం ఆడని మనిషి. కూర బాగుందా అంటే ఉప్పెక్కువైంది అనేవాడు. అలాంటివాడు పోతూపోతూ ఒకే ఒక్క అబద్ధం ఆడాడు, అది ఆమె చేతిలో పెట్టాడు. దాన్ని తీసుకొచ్చి ఇక్కడ ఇచ్చేస్తే, వారం వారం తోటలో ఆయన దగ్గర నిలబడి, చివరికి దారికొచ్చాడు, ఎంత మొండివాడైనా చివరికి దారికొచ్చాడు అని చెప్పుకుంటారు. పిల్లలకి కథగా చెబుతారు. సరేనా అన్నది ఎక్కడా ఉండదు.

"రామ్మా," అని పిలుపు వినిపించింది.

పెద్దాయన కుర్చీలో ఉన్నారు, ముఖం మీద ఇంకా నిద్ర చారలు. కూర్చోమని తన ఎడమ పక్కనున్న కుర్చీ చూపించారు. బాగున్నావా, కళ్లు ఎలా ఉన్నాయి, ఇంకా కాజాలే కుడుతున్నావా అని అడిగి, గొంతు సవరించుకున్నారు.

"మీ ఆయన చివర్లో నామం పలికాడా అమ్మా?"

"పలికారండి."

పెద్దాయన ముఖం విచ్చుకుంది. నిజంగానే సంతోషం అది. ఆమె భర్త మంచివాడని పెద్దాయనకీ తెలుసు. "తనంతట తనే?"

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నేను ఏడుస్తూ బతిమాలానండి. నా కోసం అన్నారు. అని, సరేనా అని అడిగారు."

పెద్దాయన ఎడమ చెవి వేలితో తట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "ఈ పక్క చెవి నాకు సరిగా వినబడదమ్మా, చాలా ఏళ్లైంది. పలికారు అన్నదాకా వినబడింది. అది చాలు. వెళ్లిరా, రేపు పొద్దున తోట తలుపు తీయిస్తాను" అన్నారు.

ఎంత దయ! లేచి నమస్కారం పెట్టి వచ్చేస్తే సరిపోతుంది. ఆమె లేచింది. తలుపువైపు రెండడుగులు వేసింది కూడా. అప్పుడు వెనక్కి తిరిగి, ఆయన కుర్చీ వెనకగా నడిచి, కుడి పక్కకి వచ్చి వంగి, ఆ చెవిలో మొత్తం మళ్లీ చెప్పింది. సరేనా అన్న మాట తన భర్త అన్నట్టే అంది.

పెద్దాయన కళ్లు మూసుకున్నారు. "ఎందుకమ్మా? నేను వదిలేశానుగా."

"ఆ మాట ఆయన నాకిచ్చిందండి. ఇక్కడ పెడితే మీదైపోతుంది."

"అంత దూరం అతని దగ్గరికి ఎవరు వెళతారు?"

"బస్సుందండి," అంది.

బయట ఎండ కళ్లలో కొట్టింది. పిచ్చుక గొడుగు కింద నుంచి ముందుకొచ్చి ముఖంలోకి చూసింది. చూడగానే తెలిసిపోయింది.

"చెప్పలేదా? అనలేదని చెప్పావా?"

"అన్నారనే చెప్పాను. నా కోసం అన్నారని కూడా చెప్పాను. అని, సరేనా అని నన్ను అడిగారే పిచ్చుకా. నేనేడుస్తున్నానని అన్నారు, అంతే."

పిచ్చుక తిడుతుందనుకుంది. మా అన్నని ఏట్లో కలిపావే అని వీధి అదిరేలా అరుస్తుందనుకుంది. పిచ్చుక అరవలేదు. గొడుగు పక్కకి వాలిపోతోంది, పట్టించుకోలేదు.

"నిజంగానే నువ్వడిగితే అన్నాడా?"

"నిజంగానే."

"మా అమ్మ అడిగింది వదినా," అంది పిచ్చుక. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "పోయేటప్పుడు. నీ పెళ్లికి ముందు. అన్నయ్య వీపు నిమురుతూ, ఒక్కసారి అనరా, నిన్నిలా వదిలి వెళ్లలేనురా అని రోజంతా అడిగింది. వాడు ఏడుస్తూ కూర్చున్నాడు గానీ అనలేదు. అమ్మ గోడవైపు తిరిగి పోయింది."

అని గొడుగు మూసి, చంకలో పెట్టుకుని, ఎండలోనే, మోకాళ్లు ఈడ్చుకుంటూ వీధి చివరికి నడిచి మలుపు తిరిగిపోయింది. వెనక్కి చూడలేదు. ఆమె గేటు పక్కనే నిలబడిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి ఆయన నోట ఒక్కసారైనా రాలేదు. ఎందుకు చెప్పలేదని, వెంటనే ఇంటికి వెళ్లి ఆయన్ని అడగాలనిపించింది.